బయటివాళ్ళ పుటలు

చింతామణి,
12 జులై 2024

చిరంజీవి ధనుంజయకు,

ముందు తిట్లు, తరువాత యోగక్షేమాలు. పోయిన కట్టలో రెండు వ్యాసాల మీద టీ ఒలికిందని ఎంత తేలిగ్గా రాశావురా! హైస్కూల్లో పిల్లలకు పుస్తకం ఎలా పట్టుకోవాలో నేర్పే మేష్ట్రువి, నీకు నేను నేర్పాలా? అవి మళ్ళీ అచ్చు తీయను. మరకల పక్కనుంచి చదువుకో.

ఈసారి ఎనిమిది వ్యాసాలు పంపుతున్నాను. బోరు నీళ్ళలో ఫ్లోరైడు గురించి నువ్వు రాసిచ్చిన పట్టీలో ఇంకా నాలుగు మిగిలాయి. అవి వచ్చే నెల. ఎప్పటిలాగే పాత ప్రశ్నపత్రాల వెనకవైపే అచ్చు తీశాను. ఒకవైపు నీ ఎముకల జబ్బు, రెండోవైపు బీకాం రెండో సంవత్సరం. తికమకపడి రెండూ కలిపి నీ పీహెచ్‌డీ థీసిస్‌లో రాసేవు, జాగ్రత్త.

మా కాలేజీకి కొత్తగా వచ్చిన కెమిస్ట్రీ మేడం నిన్న లైబ్రరీకి వచ్చి నాతో గొడవేసుకుంది. "ఆన్‌లైన్ జర్నళ్ళు సర్కారే కొనిచ్చుండాది కదా మేడం, పిల్లోళ్ళకి తలా ఒక లాగిన్ ఇచ్చేస్తే వాళ్ళే చూసుకుంటారు. అన్నీ మీ చేతికిందనే ఎందుకు పెట్టుకోనుండారు?" అంది. నేనూరుకుంటానా? "అమ్మా, అది సర్కారు దుడ్డు. నలభై మంది అదే వ్యాసాన్ని నలభైసార్లు దించుకుంటే ఎవురి సొమ్ము పోతుంది? నేను ఒక్కసారి దించి, అచ్చు తీసి, ఫైల్లో పెడతా. వంతులేసుకోని చదవండి, చదివినోళ్ళు రిజిస్టర్లో సంతకం పెట్టండి" అన్నాను. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి. ఒక్క కాగితం వృథా పోలేదు.

నీకు పంపేవాటికీ లెక్క ఉంది. నువ్వు మా కాలేజీ మనిషివి కాదు కాబట్టి రిజిస్టరు చివర్లో 'బయటివాళ్ళు' అని వేరే పుటలు పెట్టాను. నీ పేరు, వ్యాసం పేరు, తేదీ రాసి నీ బదులు నేనే సంతకం పెడతాను. చిన్నమ్మ కొడుకైనంత మాత్రాన లెక్క తప్పుతుందా?

కట్టను ఎప్పటిలాగే బాగేపల్లి బస్సులో కండక్టరు గోపాలప్ప చేతికిచ్చాను. నా చెవి ఇంకా మందగించింది. ఫోన్ చేసి అరవొద్దు, ఉత్తరమే రాయి. చిన్నమ్మ ఎలా ఉంది?

నీ అంబికక్క


బాగేపల్లి,
21 జులై 2024

అక్కకు నమస్కారం.

తిట్లూ అందాయి, కట్టా అందింది. టీ ఒలికించింది నేను కాదు, అమ్మ. నడుము వంగిపోయి తల ఎత్తలేదు కదా, గ్లాసు ఎక్కడ పెడుతోందో ఆమెకు కనబడదు. నువ్వు పంపిన కాగితాలు తడిమి చూసి, "ఏమి రాసుండారప్పా ఇందులో, మన నీళ్ళ గురించేనా?" అని అడిగింది. అవునన్నాను. "అట్లయితే ఈ అక్కయమ్మ నడుము గురించి కూడా రాసుంటారులే" అంది, తన పేరే చెప్పుకుని.

పోయిన సోమవారం తాలూకు కచేరీకి మళ్ళీ పోయాను. మన ఊరి బోరు నీళ్ళు మూడేళ్ళుగా నెలనెలా పట్టి కొలుస్తున్నాను. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మంచి వానలు పడితే ఆ లోపలే ఉంటుంది, ఎండాకాలంలో నాలుగుకు ఎక్కుతుంది. అక్కడి నీళ్ళ ఇంజనీరు ఒక్క వానాకాలంలో సీసా నింపుకుని పోయి, నీళ్ళు బాగున్నాయని రాసిచ్చాడు. ఆ కాగితం పుణ్యమా అని మనకు శుద్ధి ప్లాంటు రాలేదు. నా అంకెలు చూపిస్తే ఏమన్నాడో విను: "ఏమప్పా మేష్ట్రే, నువ్వు ఇంట్లో కూర్చోని కొలిస్తే లెక్కకొస్తుందా? పీహెచ్‌డీ చేస్తాండావంట కదా, అది ముగించుకోని యూనివర్సిటీ ముద్ర ఉండే కాగితం తే. మార్చి దాకా ఫైలు మూయకుండా పెట్టుకుంటా." చెడ్డవాడేం కాదు, అతనికీ ఒక కాగితం కావాలి.

మార్చి ఆఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుందని గైడు కూడా తేల్చి చెప్పాడు. ఒకే బోరు నీళ్ళు కాలాన్ని బట్టి ఇంతగా మారతాయని వేరేచోట్ల ఎవరు, ఎలా నిరూపించారో ఆ మిగిలిన నాలుగు వ్యాసాలలోనే ఉంది. అవి లేకపోతే నా మూడో అధ్యాయం నిలబడదు. కాబట్టి తిట్టు, కానీ పంపు.

ఈ నెల నీళ్ళు: 1.9

ధనుంజయ


చింతామణి,
18 సెప్టెంబరు 2024

ధనుంజయకు,

ఉత్తరం రాయడం ఆలస్యమైంది. మొన్నటి వానకు కాలేజీలో ఇంటర్నెట్ వైరు తెగింది. బాగుచేసేవాళ్ళు ఇదిగో అదిగో అంటున్నారు. మధ్యలో నాకు నాలుగు రోజులు జ్వరం. నీ నాలుగు వ్యాసాలు ఇంకా దించలేకపోయాను.

అంతదాకా ఉన్నవే మళ్ళీ చదువుకో. వ్యాసాల సారాంశాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, వాటితో కొంత పని జరుగుతుందేమో చూడు. చిన్నమ్మను అడిగానని చెప్పు.

అంబిక


బాగేపల్లి,
3 అక్టోబరు 2024

అక్కా,

నీ ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. అప్పుడే అనుమానం వచ్చింది.

మొన్న సైన్సు మేష్ట్రుల శిబిరానికి చిక్కబళ్ళాపురం పోయాను. అక్కడొక కాలేజీ లెక్చరరు కలిశాడు. చింతామణిలో మా అక్క లైబ్రేరియన్ అన్నాను. "అయ్యో, మీ అక్కోళ్ళ కాలేజీకి జర్నళ్ళు ఆగస్టు ఒకటికే మూసేసినారు కదా, మీకు తెలీదా?" అన్నాడు. వానకు వైరు తెగిందట! నీకు అబద్ధం చెప్పడం కూడా రాదు.

సారాంశాలు చదివాను. 'ఫలితాలు లోపల చర్చించాం' అని ఉంటుంది. లోపలికి పోవాలంటే ఒక్కో వ్యాసానికి ముప్పై, నలభై డాలర్లు కట్టమంటుంది. నాకు కోపం జర్నళ్ళు పోయినందుకు కాదు. రెండు నెలలు నేను నీ కట్ట కోసం బస్టాండులో గోపాలప్ప మొహం చూసి వెనక్కి వస్తుంటే, నువ్వు వైరు కథ చెప్పావు. ఎందుకు?

బోర్డు మీద రాస్తూ పిల్లలవైపు చూడాలంటే ఈ మధ్య ఒళ్ళంతా తిప్పాల్సి వస్తోంది. మెడ ఎక్కడో పట్టేసినట్టుంది. అదొక చిరాకు.

పోయిన నెల నీళ్ళు: 1.4

ధనుంజయ


చింతామణి,
12 అక్టోబరు 2024

ధనూ,

తిట్టు. ఇంకా తిట్టాలనే ఇది రాస్తున్నాను.

వైరు తెగలేదు, నాకు జ్వరమూ రాలేదు. ఆగస్టు ఒకటిన పొద్దున లాగిన్ తెరుచుకోలేదు. అప్పటినుంచి చిక్కబళ్ళాపురంలో ఈ కచేరీ నుంచి ఆ కచేరీకి తిరిగాను. చివరికి పోయిన గురువారం బెంగళూరులో ఈ జర్నళ్ళ పథకం చూసే అధికారి మోహన్‌కుమార్ ఎదుట కూర్చున్నాను. మర్యాదస్తుడే. నేను కన్నడంలో మొదలుపెడితే, "మాదీ గౌరిబిదనూరు పక్కనే మేడం, తెలుగులోనే మాట్లాడండి" అన్నాడు. నాకు వినపడదని గమనించి, చెప్పేది ఒక కాగితం మీద రాసి చూపించాడు.

ఈ ఏడాది ప్రభుత్వం నిధులు తగ్గించింది. వాడకం తక్కువున్న కాలేజీలను జాబితాలోంచి తీసేశారు. మా కాలేజీ పేరు ఎదుట పోయిన ఏడాదివి రెండు అంకెలున్నాయి. వాడినవారు: ఒకరు. దించిన వ్యాసాలు: రెండు వందల పద్నాలుగు. వేరే కాలేజీల ఎదుట వేలల్లో ఉన్నాయి. "మీ కాలేజీలో ఎవురూ చదవడం లేదు కదా మేడం, చదివేవాళ్ళకన్నా ఉపయోగపడనీ అని తీసేసినాం" అని రాశాడు.

ఆ ఒకరు నేనే.

ఒకసారి దించినా లక్షసార్లు దించినా ప్రభుత్వం కట్టేది అంతేనట. ఏడాదికింత అని ముందే కట్టేస్తారట. పదకొండేళ్ళలో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కరెంటు వచ్చిన గంటలో బిందెలు వరస పెట్టి, చుక్క కింద పడకుండా పట్టుకున్న ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. ఎంత తక్కువ తీసుకుంటే అంత మంచిదాన్ని అనుకున్నాను. కెమిస్ట్రీ మేడం నిజం చెబితే ఆమె నోరు మూయించాను. మా పిల్లల నోటి కాడ కూడు నేనే తీశాను, నీదీ తీశాను. ఆ సిగ్గుతోనే వైరు కథ చెప్పాను.

ఒక్క దారి మాత్రం తోస్తోంది. నా రిజిస్టరు. మూడేళ్ళలో నాలుగు వేల ఆరు వందల పైచిలుకు సంతకాలున్నాయి అందులో. ఏ వ్యాసం, ఎవరు, ఏ రోజు చదివారు, అన్నీ ఉన్నాయి. ఆషామాషీ పుస్తకం కాదు. మొదటి పుటలో 'ఇందులో 204 పుటలు ఉన్నవి' అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి మొదలుపెట్టిన సర్కారు రిజిస్టరు. అది తీసుకుపోయి ఆయన ముందు పెడితే?

అంబికక్క


బాగేపల్లి,
20 అక్టోబరు 2024

అక్కా,

కోపం దిగిపోయింది. తిట్టమన్నావు కాబట్టి ఒక్కటి తిడతాను: పిసినారీ! చాలా?

ఆ రిజిస్టరు తప్పకుండా తీసుకుపో. ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది? కంప్యూటరు ఒకరే అంటోంది, నీ పుస్తకం వందలమంది అంటోంది. సంతకాలు పిల్లలు స్వయంగా పెట్టినవి. ఆయన మనిషైతే ఒప్పుకుంటాడు. జనవరిలో తెరిచినా నాకు చాలు. రెండు నెలల్లో మూడో అధ్యాయం రాసేస్తాను, గైడుకు మాటిచ్చాను.

నువ్వు బెంగళూరు పోతున్నావని అమ్మకు చెప్పాను. "బుక్కుల అంబిక పోతే పనయితుంది. దాని లెక్కలో పొరపాటు ఉండదు" అంది. పొద్దున ఆమెను మంచం మీంచి లేపడానికి ఇప్పుడు ఇద్దరం కావాలి.

ఈ నెల నీళ్ళు: 1.6

ధనుంజయ


చింతామణి,
9 డిసెంబరు 2024

ధనూ,

ఇది మామూలు పోస్టులో వేస్తున్నాను. గోపాలప్ప మంచివాడే కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

రిజిస్టరు తీసుకుపోయాను. మోహన్‌కుమార్ పుటలు చాలాసేపు తిప్పాడు. ఒక్కో సంతకం మీద వేలు పెట్టి చూశాడు. "ఇన్ని సంతకాలా మేడం! మా లెక్కే తప్పు" అని నాకు వినపడేలా గట్టిగా అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ప్రిన్సిపాల్ సంతకంతో రిజిస్టరునూ, ఒక ధ్రువీకరణ పత్రాన్నీ పదహారో తేదీలోగా పంపితే జనవరిలో మళ్ళీ తెరిపిస్తానన్నాడు.

ఆ పత్రాన్ని తిరుగు బస్సులో చదివాను. అందులో రెండో షరతు ఇది: 'కాలేజీ సభ్యులు కానివారికి వ్యాసాల ప్రతులు ఇవ్వలేదని ధ్రువీకరిస్తున్నాను.' ఇచ్చినట్టు తేలితే కాలేజీకి శాశ్వతంగా రద్దు, లైబ్రేరియన్ మీద చర్య.

బయటివాళ్ళ పుటలు ఆయన చూడలేదు. చివరిదాకా తిప్పలేదు. అక్కడ నూట డెబ్భై వరసల్లో నీ పేరే ఉంది.

నా రిజిస్టరులో ఈరోజు దాకా ఒక కొట్టివేత లేదు. ఏం చేయాలో తోచడం లేదు. ఇంకా మూడేళ్ళు సర్వీసుంది. నువ్వు మాత్రం ఏమీ చేయకు. ఫోన్ చేయకు. నాకు వినపడాలంటే నువ్వు అరవాలి, నువ్వు అరిస్తే కాలేజీ అంతా వింటుంది. మెసేజీ కూడా పెట్టకు. లాగిన్ నంబర్లు వచ్చే ఫోను అదే కాబట్టి ఎప్పుడూ మా అటెండరు మునినారాయణ చేతిలోనే ఉంటుంది.

అంబికక్క


బాగేపల్లి,
14 డిసెంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం మొన్న అందింది. ఏమీ చేయొద్దన్నావు. రెండు రోజులు ఏమీ చేయకుండా ఉండి చూశాను, నా వల్ల కాలేదు. బెంగళూరుకు రిజిస్టరు తీసుకుపొమ్మని నిన్ను తోసింది నేను. రేపు ఆ పుటలు ఎవరైనా తిప్పితే నీ ఉద్యోగం పోతుంది. వాళ్ళు కనిపెట్టకముందే మనమే చెప్పేస్తే మేలు.

అందుకని ఈరోజు మోహన్‌కుమార్ గారికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం వేశాను. అందులో ఇలా రాశాను: 'నేను ఆ కాలేజీ సభ్యుణ్ణి కాను. మా ఊరి నీళ్ళ పరిశోధన కోసం మా అక్కను బతిమాలి ఆ వ్యాసాలు తీసుకున్నాను. ఈ నిబంధన ఆమెకు తెలియదు. రిజిస్టరు చివరి పుటల్లో బయటివాళ్ళు అనే శీర్షిక కింద నా పేరు నూట డెబ్భైసార్లు ఉంది, తిప్పి చూడండి. దాచే ఉద్దేశం ఉన్న మనిషైతే ప్రతి కాగితానికీ లెక్క రాసి సంతకం పెడుతుందా? శిక్ష ఏదైనా నాకు వేయండి. ఆ కాలేజీ పిల్లలకు మాత్రం తెరవండి.'

రిజిస్టరు ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయి. నీ నిజాయితీ ఆ పుటల్లోనే ఉంది. దాన్ని చూసి ఎవడూ నిన్ను దొంగ అనలేడు. నువ్వు కాగితం చించే మనిషివి కావని నాకు తెలుసు. అయినా ఒక మాట చెబుతున్నాను, అంతే.

ఈ నెల నీళ్ళు: 2.2

ధనుంజయ


చింతామణి,
14 డిసెంబరు 2024

ధనూ,

నిశ్చింతగా ఉండు. పనయిపోయింది.

మూడు రోజులు అన్నం సయించలేదు. ఒకవైపు నువ్వు, ఒకవైపు మా కాలేజీలో ఆరు వందల మంది పిల్లలు. చివరికి ఈ పొద్దున స్నానానికి నీళ్ళు కాచుకునే పొయ్యి ముందు కూర్చుని బయటివాళ్ళ పుటలు పన్నెండు కాగితాలూ బ్లేడుతో కోసి, ఒక్కొక్కటే పెట్టాను. నీ పేరు రాసిన సిరా నీలంగా కాలింది. ఈ చేతులతోనే కాల్చానురా. ముప్పై ఏళ్ళు కాగితాన్ని కాపాడిన చేతులు.

కుట్టు దగ్గర ఏమీ కనబడకుండా జిగురు పెట్టాను. నూట ఎనభై పుటలతో పుస్తకం నిండుగానే ఉంది. పత్రం మీద నేనూ సంతకం చేశాను, ప్రిన్సిపాల్ చేతా పెట్టించాను. మధ్యాహ్నం మునినారాయణ స్వయంగా తీసుకుపోయి బెంగళూరులో ఇచ్చి రసీదు తెస్తాడు.

ఇప్పుడు నువ్వు ఎక్కడా లేవు. నీకూ ఇబ్బంది లేదు, నాకూ లేదు. జనవరిలో తెరవగానే మొట్టమొదట నీ నాలుగు వ్యాసాలే దించుతాను, ఈసారి లెక్కలో రాయను. ఈ ఉత్తరం చదివి చించేయి. చిన్నమ్మతో చెప్పు, పనయిందని.

అంబికక్క


బాగేపల్లి,
18 డిసెంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. నాది నీకు ఈపాటికి అందే ఉంటుంది. పోస్టాఫీసుకు పరిగెత్తాను. నా రిజిస్టర్డ్ ఉత్తరం నిన్న మధ్యాహ్నమే బెంగళూరులో ఇచ్చేశారట. నువ్వు వద్దన్నా నీకు ఫోన్ చేశాను. మునినారాయణ ఎత్తాడు, పెట్టేశాను.

రేపు తొలి బస్సుకు పోతాను. ఆయన కాళ్ళు పట్టుకునైనా ఆ ఉత్తరం వెనక్కి తెస్తాను. ఏమి చేశామక్కా మనం!

ధనుంజయ


చింతామణి,
27 జనవరి 2025

ధనుంజయకు,

ఆరోజు నిన్ను ఆ ఆఫీసు లోపలికి రానివ్వలేదని తెలిసింది. లోపల ఏం జరిగిందో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

పోయిన వారం నన్ను పిలిపించారు. బల్ల మీద నీ ఉత్తరం, నా రిజిస్టరు పక్కపక్కనే ఉన్నాయి. మోహన్‌కుమార్ నీ ఉత్తరం చదివి చివరి పుటలు తిప్పి చూశాడట. నూట ఎనభైతో అయిపోయింది. ముందు నువ్వే ఏదో కట్టుకథ రాశావనుకున్నాడట. తరువాత మొదటి పుట తెరిచాడు. 'ఇందులో 204 పుటలు ఉన్నవి.' నా సంతకం, నా ముద్ర. దాన్ని నేను మరిచేపోయాను. ప్రతి రిజిస్టరులోనూ రాసే వాక్యం కదా, చేయి రాసేస్తుంది, కన్ను చూడదు.

నాకు వినపడదని ఆయన ఆరోజు కూడా కాగితం మీదే రాశాడు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. "మేడం, ఈ పుటలు ఉన్నింటే మీ తమ్ముడు రాసిన మాటే నిలబడేది. ఒక హెచ్చరిక రాసి వదిలేసుండేవాణ్ణి. ఇప్పుడు నేనేమి చేసేది చెప్పండి?" చేయడానికి ఏముంది? నన్ను సస్పెండ్ చేశారు. తప్పుడు ధ్రువీకరణ, రికార్డు నాశనం. కాలేజీకి జర్నళ్ళు శాశ్వతంగా రద్దు.

అంతటితో పోలేదు. అచ్చు ప్రతులు నిబంధనలకు విరుద్ధమని పదకొండేళ్ళ ఫైళ్ళు కాల్చేయమన్నారు. కాలేజీ వెనక మునినారాయణ నిప్పు పెట్టాడు. కాల్చినవాటికి పట్టీ రాయడానికి నన్నే పిలిచారు, రాశాను. కెమిస్ట్రీ మేడం తరగతి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి నిలబడింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వారం రోజులు నీ మీద మండిపడ్డాను. ఏమీ చేయొద్దని రాశాను కదా, ఒక్క మాట వినవా అని. ఆ తరువాత నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నేను కాగితం చించే మనిషిని కాదని రాశావు. నన్ను నువ్వు నమ్మినంత నేను నమ్ముకోలేదురా. నాకు ఏడుపు ఆగడం లేదు.

నీకేమైనా నోటీసు వచ్చిందా? దాచకుండా రాయి.

అంబికక్క


బాగేపల్లి,
30 మార్చి 2025

అక్కా,

దాచకుండా రాయమన్నావు.

నా ఉత్తరం నకలు యూనివర్సిటీకి పోయింది. ఆ దారిన వచ్చిన వ్యాసాలేవీ వాడకూడదని గైడు చెప్పాడు. అవి తీసేస్తే థీసిస్‌లో మిగిలేది నా సీసాల అంకెలే. "నీ అంకెలు నిజమేనయ్యా, కానీ ఒట్టి అంకెలకు పట్టా ఇవ్వరు" అన్నాడు పాపం, తల వంచుకుని. రేపటితో రిజిస్ట్రేషన్ అయిపోతుంది. స్కూల్లో నోటీసిచ్చారు. చూడాలి.

ఇంకొకటి చాలా రోజులుగా దాచాను. మెడ పట్టేసిందని రాశాను కదా, అది ఏడాదిన్నర నుంచీ ఉంది. ఫిబ్రవరిలో చిక్కబళ్ళాపురంలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుగుకు పట్టి, "ఏ ఊరు మీది?" అని అడిగాడు. చెప్పాను. నీళ్ళు మార్చమని చీటీలో రాసిచ్చాడు. అమ్మకు చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు.

ఇంజనీరు మాట నిలబెట్టుకున్నాడు, మార్చి దాకా ఆగాడు. మార్చి రాగానే 'ఆధారాలు సమర్పించలేదు' అని రాసి ఫైలు మూసేశాడు. ఊరివాళ్ళు నీళ్ళు చాలడం లేదని అడిగితే, ప్లాంటు బదులు కొత్త బోరు మంజూరు చేయించాడు. పాత బోరుకు ఇరవై అడుగుల దూరంలోనే. నిన్న లారీ వచ్చింది. టెంకాయ కొట్టారు. నీళ్ళు పైకి ఎగజిమ్మితే అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ తల ఎత్తి చూడలేదు కదా, చేయి చాపితే ఎవరో దోసిట్లో నీళ్ళు పోశారు. "తియ్యగా ఉండాయప్పా" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఏమని ఆపేది? ఇంట్లో ఉండేవీ అవే నీళ్ళు. సీసా మాత్రం నింపుకున్నాను.

ఈ నెల నీళ్ళు: పాత బోరు 3.9, కొత్త బోరు 4.4

ధనుంజయ


చింతామణి,
6 ఏప్రిల్ 2025

ధనూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చిన్నమ్మకు చెప్పను. నీకు ధైర్యం చెప్పే మాట ఒక్కటీ నా దగ్గర లేదు. లేనిది ఉన్నట్టు రాయడం ఇక నా వల్ల కాదు.

నేను బతికున్నంతకాలం నువ్వు ఆ సీసా నింపడం మానొద్దు. అంకె నాకు రాయడం మానొద్దు. నీ పాత ఉత్తరాలన్నీ బయటికి తీశాను. చించేయమని నీకు చెప్పాను కానీ నీవి నేను ఒక్కటీ చించలేదు. డిసెంబరు ఆఖరిది ఒక్కటి తప్ప ప్రతిదాని చివరా ఆ నెల నీళ్ళు ఉన్నాయి.

నిన్న బజారుకు పోయి ఒక కొత్త రిజిస్టరు కొన్నాను. ఒక్కొక్క పుటా తిప్పి లెక్కపెట్టి, మొదటి పుటలో 'ఇందులో 96 పుటలు ఉన్నవి' అని రాసి సంతకం చేశాను. ముద్ర లేదు, అది కాలేజీలో లాగేసుకున్నారు. తరువాతి పుటలో నీ పేరు, మీ నాయన పేరు, ఊరి పేరు పూర్తిగా రాశాను. దాని కింద 1.9 నుంచి 4.4 దాకా అన్నీ ఎక్కించాను. ఇందులో బయటివాళ్ళకు వేరే పుటలు పెట్టలేదు.

అంబికక్క